కార్చిచ్చు నుంచి ఇంటిని కాపాడుకోవడం: గోడ దగ్గర మొదలుపెట్టి బయటికి

కార్చిచ్చులో పోయే ఇళ్లలో ఎక్కువ భాగం ఎదురుగా వచ్చిన మంటల గోడ తగిలి కాలవు. గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వలు ఏ సందులోనో, ఏ ఎండుటాకుల కుప్పలోనో పడి, కాసేపు నివురుగప్పి ఉండి, తర్వాత అంటుకుని కాలతాయి. ఈ రవ్వలు మైలు పైచిలుకు దూరం కూడా ఎగురుతాయి. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలోని సాంటా రోసా దగ్గర టబ్స్ ఫైర్ అనే కార్చిచ్చు ఆరు లేన్ల 101 హైవేని దాటి, చదునైన నేలమీద ఉన్న కాఫీ పార్క్ కాలనీని బూడిద చేసింది. అది అడవి అంచున ఉన్న ఊరు కాదు, మామూలు సబ్‌డివిజన్. అదే రాష్ట్రంలో 2018 నవంబరులో ప్యారడైజ్ ఊళ్లో, 2025 జనవరిలో అల్టడీనాలో వచ్చిన మంటల్లో చాలా చోట్ల ఇల్లు బూడిదైనా పక్కనున్న చెట్టు ఆకుపచ్చగానే మిగిలింది. అడవి తగలబడి ఇంటికి అంటుకోవడం కాదు, ఇల్లే ముందు అంటుకుందన్నమాట.

అందుకే ఈ పనిని కొండ దగ్గర మొదలుపెట్టి ఇంటి వైపు రాకూడదు. ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి బయటికి వెళ్లాలి. శాన్ రామోన్, డబ్లిన్, ఫ్రీమాంట్ కొండవాలుల్లోనూ, ఎల్‌డొరాడో హిల్స్, ఫోల్సమ్ వైపూ, దక్షిణాన శాన్‌డియేగో శివార్లలోనూ ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది వెనక కొండమీది గడ్డిని చూసి భయపడతారు గానీ, ముందు గుమ్మం పక్కనున్న చెక్క పొట్టును పట్టించుకోరు. ఆ పొట్టే ఎక్కువ ప్రమాదం.

ముందు ఇంటి చుట్టూ ఒక్కసారి నడవండి

ఈదురుగాలి వీచిన మర్నాడు ఇంటి చుట్టూ తిరగండి. ఎండుటాకులు ఎక్కడెక్కడ చేరాయో ఫోన్‌లో ఫొటోలు తీయండి. గాలి ఆకుల్ని ఎక్కడ దించుతుందో నిప్పురవ్వల్నీ అక్కడే దించుతుంది. రెండు గోడలు కలిసే మూలలు, మెట్ల కింద, డెక్ అంచు, ఏసీ యూనిట్ వెనక, కప్పు మీద రెండు వాలులు కలిసే లోయ, గట్టర్లు. మీరు చేయాల్సిన పనుల జాబితా ఆ ఫొటోల్లోనే ఉంది.

మీ చిరునామాకు అగ్ని ప్రమాద స్థాయి ఎంతో రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్ ఫైర్ వెబ్‌సైటులోని మ్యాప్‌లో చూసుకోవచ్చు. మోస్తరు, ఎక్కువ, చాలా ఎక్కువ అని మూడు స్థాయిలు ఉంటాయి. నగరాల పరిధిలోని ప్రాంతాలకు కొత్త మ్యాప్‌లు 2025లో వచ్చాయి కాబట్టి ఇల్లు కొన్నప్పుడు చూసిన కాగితం మీద ఆధారపడకండి. మ్యాప్‌లో రంగు లేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు. కాఫీ పార్క్ కూడా అత్యంత ప్రమాద ప్రాంతంగా గుర్తించిన చోటు కాదు.

ఇల్లు ఎప్పుడు కట్టారో కూడా చూడండి. కొండ అంచు ప్రాంతాల్లో కొత్తగా కట్టే ఇళ్లకు మంటలను తట్టుకునేలా కట్టాలన్న నిబంధనలు, కాలిఫోర్నియా బిల్డింగ్ కోడ్‌లోని చాప్టర్ 7ఏగా, 2008లో మొదలయ్యాయి. అంతకు ముందు కట్టిన ఇల్లయితే వెంట్లు (గాలి ఆడే రంధ్రాలు), కిటికీలు, చూరు అన్నీ పాత పద్ధతివే అయి ఉంటాయి. పని ఎక్కువ ఉంటుంది.

మొదటి ఐదడుగులు

గోడ నుంచి, డెక్ అంచు నుంచి ఐదడుగుల లోపు కాలే వస్తువేదీ ఉండకూడదు. దీన్నే జోన్ సున్నా అంటారు. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా లోపాలు కొంతవరకు మన్నించదగ్గవే. ఇది చేయకుండా వేలకు వేలు పోసి కిటికీలు మార్చినా ఫలితం తక్కువ.

ముందు మొక్కల మొదట్లో నేలమీద పరిచే మల్చ్ తీసేయండి. చెక్క పొట్టు, బెరడు ముక్కలు, పైన్ ఆకులు, రబ్బరు మల్చ్, ఇవన్నీ అంటుకుంటాయి. రబ్బరు మల్చ్ అన్నిటికంటే తీవ్రంగా మండుతుంది, ఆర్పడం కూడా కష్టం. వాటి స్థానంలో కంకర గానీ, పేవర్లు గానీ, కాంక్రీటు గానీ వేయండి. కంకర అయితే 3/4 అంగుళం సైజు, మూడంగుళాల మందం సరిపోతుంది. 30 అడుగుల గోడ వెంబడి ఐదడుగుల వెడల్పున వేయాలంటే సుమారు 1.4 క్యూబిక్ యార్డులు కావాలి, బరువు దాదాపు రెండు టన్నులు. బస్తాలుగా కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, లారీతో పోయించుకోండి. గుండ్రటి పెద్ద రాళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి సందుల్లో ఆకులు ఇరుక్కుని బ్లోయర్‌కు కూడా రావు. చిన్న కంకరే మేలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పాత మట్టిని తీయకుండా దానిమీదే కంకర పోసేస్తారు. దాంతో నేల మట్టం పెరిగి స్టకో (సిమెంటు పూత) గోడ అడుగున ఉండే లోహపు అంచు కప్పుకుపోతుంది. ఆ అంచు మట్టికి కనీసం నాలుగంగుళాలు, కాంక్రీటుకైతే రెండంగుళాలు పైన ఉండాలి. కప్పేస్తే గోడలోకి దిగిన నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి చెమ్మ, చెదలు పడతాయి. చెక్క సైడింగ్ (గోడ బయటి పలకల తొడుగు) ఉన్న ఇంటికైతే సైడింగ్ కింది అంచుకూ నేలకూ మధ్య ఆరంగుళాలు కనపడాలి, లేదంటే గోడ మొదట్లో చేరిన రవ్వలు నేరుగా చెక్కను అంటిస్తాయి. కాబట్టి ముందు మూడంగుళాలు తవ్వి, ఆ తర్వాతే పోయండి. నీళ్లు గోడ వైపు కాకుండా బయటికి పారేలా వాలు ఉంచండి.

కిటికీ కింద మొక్కలు తీసేయడానికి మనసొప్పదు, అర్థమవుతుంది. అయినా జునిపర్, ఇటాలియన్ సైప్రస్, రోజ్‌మేరీ లాంటివి గోడకు ఆనుకుని అస్సలు ఉండకూడదు. పైకి పచ్చగా కనిపించినా వాటి లోపల ఎండుపుల్లలు పేరుకుని ఉంటాయి, ఆకుల్లో నూనెలుంటాయి. తీసేశాక ఆ చోట డ్రిప్ గొట్టాలకు మూతలు బిగించండి, లేకపోతే పునాది పక్కనే నీరు పోతూనే ఉంటుంది.

మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉగాదికి కట్టిన మామిడి తోరణం దసరా దాకా అలాగే ఎండి గుమ్మానికి వేలాడుతుంటుంది. పండగ అయిన మూడో రోజు తీసేయండి. ప్లాస్టిక్ తోరణం ఎండదు గానీ కరిగి మండుతుంది, దాన్నీ ఏడాది పొడుగునా ఉంచొద్దు. తలుపు ముందు కొబ్బరి పీచు పట్టా, పక్కనే చెక్కదో ప్లాస్టిక్‌దో చెప్పుల స్టాండు, దాని నిండా రబ్బరు చెప్పులు: నిప్పురవ్వకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. చెప్పుల స్టాండు ఇంట్లోకి మార్చండి. కరివేపాకు, మల్లె, తులసి కుండీలను ఎండ కోసమని పాటియో గోడకు ఆనించి పెడతాం. అవి నర్సరీ నుంచి తెచ్చిన నల్లటి ప్లాస్టిక్ కుండీలైతే పది అడుగులు అవతలికి జరపండి. తులసిని గుమ్మం దగ్గరే ఉంచాలనుకుంటే మట్టి లేదా సిమెంటు కోటలో ఉంచి, ఎండిన రెమ్మలు ఎప్పటికప్పుడు తుంచేస్తూ, తడి ఆరకుండా చూసుకోండి. సంచుల్లో వచ్చే కుండీ మట్టి ఎక్కువగా పీట్, కొబ్బరి పొట్టుల మిశ్రమం. పూర్తిగా ఎండితే అదీ గంటల తరబడి నివురుగా కాలుతుంది. మొక్క చచ్చిపోయిన కుండీని అలా వదిలేయకండి.

ఫెన్స్

చెక్క ఫెన్స్ ఇంటి గోడను తాకుతుంటే అది ఇంటికి కట్టిన వత్తి. యార్డు అవతలి చివర అంటుకున్న మంట దాని వెంట పాక్కుంటూ గోడ దాకా వచ్చేస్తుంది. ఫెన్స్ మొత్తం మార్చనక్కర్లేదు. గోడను తాకే చివరి ఐదడుగులు తీసేసి ఇనుప స్తంభం నాటి, ఇనుప ప్యానెల్ గానీ ఇనుప గేటు గానీ పెట్టండి. పక్క గేటు సాధారణంగా గోడనే ఆనుకుని ఉంటుంది కాబట్టి దానితో మొదలుపెట్టండి. వినైల్ (ప్లాస్టిక్) ఫెన్స్ కరిగి కూలుతుంది, ప్రత్యామ్నాయం కాదు.

పాత ఫెన్స్‌ను ఉంచి దాని పక్కనే ఇంకోటి వేయడం మరీ ప్రమాదం. రెంటి మధ్య సందులో ఆకులు చేరి, మంట రెండు వైపులా వేడిని అందుకుంటుంది. ఇద్దరి మధ్యా ఉన్న ఫెన్స్ అయితే ఖర్చు ఇరువైపులా సమానంగా భరించాలన్నది కాలిఫోర్నియా చట్టం మామూలుగా అనుకునే లెక్క. పని మొదలుపెట్టే ముందు 30 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చే ముందు పొరుగాయన తలుపు తట్టి మాట్లాడితే సగం పని అయిపోతుంది. ఇళ్ల మధ్య పదేసి అడుగులే ఉన్న కాలనీల్లో ఆయన ఇల్లు అంటుకుంటే మీ ఇల్లు నిలవడం కష్టం, మీది అంటుకుంటే ఆయనదీ అంతే.

వెంట్లు: ఎవరూ చూడని దారి

బయటి గోడ కాలకపోయినా ఇల్లు లోపల్నుంచి కాలిపోవడానికి ముఖ్య కారణం వెంట్లు. ఆటిక్‌లోకి (కప్పు కింది అటకలోకి) గాలి ఆడటానికి చూరు కింద, గోడ పైభాగంలో ముక్కోణపు చోట, కప్పు మీద, ఇంటి అడుగున పునాది గోడకు ఇవి ఉంటాయి. వాటిమీద పాత కాలపు 1/4 అంగుళం మెష్ ఉంటే ఎలుకలు ఆగుతాయి గానీ రవ్వలు ఆగవు. లోపల ఎండిన చెక్క, కాగితం అంటించిన ఇన్సులేషన్, దాచిపెట్టిన అట్టపెట్టెలు. ఆటిక్‌లో అంటుకున్న నిప్పు బయటికి కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

ముందు వెంట్లన్నీ లెక్కపెట్టి, ఒక్కోదాని పొడవు వెడల్పులు రాసుకోండి. పాత ఇళ్లలో చూరు కింద వాసాల మధ్య చెక్కలో వరసగా గుండ్రటి కన్నాలుంటాయి. అవీ వెంట్లే, వాటిని చాలామంది లెక్కలో మర్చిపోతారు. మెష్ కన్ను కొలవడానికి స్కేలు అక్కర్లేదు: మామూలు పెన్సిల్ దూరితే అది 1/4 అంగుళం కంటే పెద్దదే, వెంటనే మార్చాలి.

చవకైన మార్గం 1/8 అంగుళం మెష్. గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనండి. దోమతెరల ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్ మెష్‌లు వేడికి కరిగి పోతాయి. వెంట్ కొలతకు నాలుగు వైపులా ఒక్కో అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి, లోపలి వైపు నుంచి స్క్రూలు, వాషర్లతో బిగించండి. స్టేపుల్స్ మాత్రమే కొడితే రెండు మూడేళ్లకు మూలలు లేస్తాయి. ఆటిక్‌లోకి వేసవిలో తెల్లవారుజామునే వెళ్లండి, ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, దూలాల మీదే కాలు పెట్టండి. పక్కన అడుగేస్తే కింద గదిలోకి సీలింగు చీల్చుకుని దిగుతారు. ఇన్సులేషన్ గులకరాళ్లలా మెరిసే వెర్మిక్యులైట్ అయితే కదిలించొద్దు, ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ముందు పరీక్ష చేయించండి.

మెష్ కన్ను తగ్గితే గాలీ తగ్గుతుంది. సాధారణ లెక్క ఏమిటంటే, ఆటిక్ విస్తీర్ణంలో 150వ వంతు గాలి ఆడే జాగా ఉండాలి. 1,500 చదరపు అడుగుల ఆటిక్‌కు పది చదరపు అడుగులు, అంటే 1,440 చదరపు అంగుళాలు. పైన, కింద వెంట్లు సమంగా పంచి ఉన్న ఇళ్లకు కొన్ని షరతులతో 300వ వంతు కూడా ఒప్పుకుంటారు. వెంట్ తయారీదారులు నికరంగా గాలి పారే జాగా ఎంతో అట్టపెట్టె మీద రాస్తారు, వాటిని కూడి చూడండి. తక్కువైతే చెమ్మ చేరి ఆటిక్ చెక్కకు బూజు పడుతుంది. 1/16 అంగుళం మెష్ రవ్వల్ని ఇంకా బాగా ఆపుతుంది గానీ దుమ్ముకు తొందరగా పూడుకుపోతుంది. ఏడాదికి రెండుసార్లు బ్రష్‌తో దులపగలిగితేనే వేయండి.

మెరుగైన మార్గం రవ్వల్ని ఆపడానికే తయారుచేసిన వెంట్లు. వల్కన్, బ్రాండ్‌గార్డ్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. కొన్నిట్లో తేనెపట్టు లాంటి లోహపు జాలికి పూత ఉంటుంది, వేడి తగలగానే అది ఉబ్బి దారి మూసేస్తుంది. వెంట్లు రవ్వల్ని ఆపుతాయో లేదో చూసే ఏఎస్‌టీఎం ఈ2886 పరీక్ష పాసైనట్టు ముద్ర ఉందో లేదో చూసి కొనండి. ఒకేసారి అన్నీ కొనలేకపోతే గాలి వచ్చే వైపు మొదలుపెట్టండి. బే ఏరియాలో డయాబ్లో గాలులు, దక్షిణాన సాంటా ఆనా గాలులు తూర్పు, ఈశాన్యం నుంచి వస్తాయి కాబట్టి ఆ దిక్కున ఉన్న ముక్కోణపు వెంట్ ముందు మార్చాలి. ఇంటికి రంగు వేయించేటప్పుడు పెయింటర్‌కు ముందే చెప్పండి: వెంట్ల మీద స్ప్రే చేస్తే మెష్ పూడుకుపోతుంది, ఉబ్బే పూత పనిచేయదు.

రెండు మినహాయింపులు. బట్టల డ్రయ్యర్ గొట్టం చివర మెష్ ఎప్పుడూ పెట్టకూడదు. నూగు చిక్కుకుని అదే అగ్నిప్రమాదం తెస్తుంది. దానికి తనంతట తాను మూసుకునే లోహపు రేకు మూత చాలు. ఇక గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్‌కు, ఫర్నేస్‌కు గాలి అందించే రంధ్రాలను మూసేయకండి. మూస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది.

కప్పు, గట్టర్లు

కప్పు ‘క్లాస్ A’ రకందై ఉండాలి, అంటే మంటను తట్టుకోవడంలో మేటి శ్రేణిది. ఈమధ్య వేసిన ఆస్ఫాల్ట్ షింగిల్స్ చాలావరకు ఆ రకమే. చెక్క షేక్ (చీల్చిన చెక్క పలకల) కప్పు ఇంకా ఉంటే, ఈ గైడ్‌లో మిగతావన్నీ పక్కనబెట్టి ముందు దాన్ని మార్పించండి. గుండ్రటి స్పానిష్ పెంకుల కప్పు కాలదు గానీ చూరు దగ్గర పెంకు కింద అరచేయి పట్టేంత ఖాళీ ఉంటుంది. అందులో పక్షులు గూళ్లు పెడతాయి, ఆ గూళ్లలో రవ్వలు పడతాయి. బర్డ్ స్టాప్ అనే బిరడాలు లేదా మోర్టారుతో ఆ ఖాళీలు మూయించండి. పగిలిన, జారిన పెంకుల్నీ అప్పుడే సరిచేయించండి.

గట్టర్లు సెప్టెంబరు చివర్లో ఒకసారి, ఆకులు రాలాక ఇంకోసారి శుభ్రం చేయాలి. చేతితో తీస్తే సరిపోతుంది, నీళ్ల పైపు కొట్టి కిందికి తోసేస్తే గొట్టం మూసుకుపోతుంది. లోహపు మూత వేయించుకున్నా దానిమీద ఆకులు చేరతాయి, చూస్తూనే ఉండాలి. ప్లాస్టిక్ గట్టర్లు మండుతూ ఊడి కింద గోడ మొదట్లో పడతాయి, మార్చేటప్పుడు లోహపువి వేయించండి. గట్టర్ వెనక కప్పు అంచున చెక్క కనిపిస్తుంటే లోహపు డ్రిప్ ఎడ్జ్ (కప్పు అంచును కప్పే రేకు) లేదన్నమాట, అది కూడా పెట్టించాలి.

సోలార్ పలకల కింద ఆకులు, ఉడుతల గూళ్లు పేరుకుంటాయి. చుట్టూ లోహపు మెష్ వేయించుకుంటే ఆ బెడద పోతుంది.

కిటికీలు, డెక్, గ్యారేజీ

కిటికీ అద్దం పగిలితే రవ్వలు నేరుగా పరదాల మీద పడతాయి. ఒంటి పొర అద్దాలు బయట పొద కాలినంత వేడికే పగులుతాయి. రెండు పొరలుండి, అందులో కనీసం ఒకటి టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచింది) అయితే చాలాసేపు నిలుస్తుంది. టెంపర్డ్ అద్దం మూలలో చెక్కిన ముద్ర ఉంటుంది, వెతికి చూడండి. అన్నీ మార్చడం పెద్ద ఖర్చు. పొరుగింటికి 30 అడుగుల లోపు ఎదురుగా ఉన్న పెద్ద కిటికీలు ముందు చూడండి. కిటికీ ముందు పొద ఉంటే కిటికీ మార్చడం కంటే పొద తీయడం చవక.

డెక్ కింద ఖాళీగా ఉండాలి. పాత టైర్లు, మిగిలిపోయిన కలప, పిల్లల ప్లాస్టిక్ సైకిళ్లు అక్కడ దాచొద్దు. చెక్కల సందుల్లో ఇరుక్కున్న ఆకుల్ని పుట్టీ కత్తితో గీకి తీయండి. కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) డెక్ కాలదనుకుంటారు, చాలా రకాలు కాలతాయి. డెక్ గోడను కలిసే చోట లోహపు ఫ్లాషింగ్ (సందును కప్పే రేకు) గోడ మీద ఆరంగుళాలు పైకి ఉండాలి. ఎప్పుడైనా డెక్ పలకలు మార్చే పని పెట్టుకుంటే, దూలాల పైఅంచున రేకు పూత ఉన్న టేపు అంటించండి. సందుల్లోంచి పడిన రవ్వ దూలం మీద నిలవదు.

గ్యారేజీ పరీక్ష సులువు. పగటిపూట లోపల నిలబడి తలుపు మూసి, లైటు ఆర్పండి. అంచుల్లో వెలుగు కనపడే ప్రతిచోటా రవ్వ దూరుతుంది. కింద రబ్బరు సీల్, పక్కల, పైన స్ట్రిప్‌లు ఒక పూటలో మార్చుకోవచ్చు. ఇండియా వెళ్లొచ్చిన అట్టపెట్టెలన్నీ తలుపు పక్కనే పేర్చి ఉంటే వాటిని వెనక్కి జరపండి. తలుపు మోటారుకు బ్యాటరీ ఉందో లేదో చూడండి. 2017 మంటల్లో కరెంటు పోయి గ్యారేజీ తలుపులు తెరవలేక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే 2019 జులై నుంచి కొత్త మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేస్తూ కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. పాత మోటారుకు అది ఉండకపోవచ్చు.

ఐదడుగుల తర్వాత

ఐదు నుంచి 30 అడుగుల వరకు జోన్ ఒకటి, 30 నుంచి 100 అడుగుల వరకు జోన్ రెండు. జోన్ ఒకటిలో ఎండుగడ్డి, ఎండుకొమ్మలు ఏవీ ఉంచొద్దు. చెట్ల కొమ్మలు చిమ్నీకి పదడుగుల దూరంలో, నేలకు ఆరడుగుల ఎత్తులో ఉండాలి. చెట్టు చిన్నదైతే దాని ఎత్తులో మూడో వంతు వరకు కొమ్మలు తీస్తే చాలు. చెట్టు కింద పొద ఉంటే, పొద ఎత్తుకు మూడింతల పైన చెట్టు మొదటి కొమ్మ ఉండాలి. ఐదడుగుల పొదకు పదిహేను అడుగులు. లేకపోతే మంట పొద మీదుగా పైకెక్కుతుంది. వంటచెరకు కుప్పలు జోన్ రెండులోకి మార్చి, వాటి చుట్టూ పదడుగులు మట్టి కనపడేలా ఉంచండి.

వాలు పెరిగేకొద్దీ దూరాలు పెరగాలి, ఎందుకంటే మంట ఎగువకు వేగంగా పోతుంది. చదునైన చోట చెట్టు కొమ్మకూ పక్క చెట్టు కొమ్మకూ మధ్య 10 అడుగులు చాలు. 20 నుంచి 40 శాతం వాలులో 20 అడుగులు, అంతకంటే నిటారుగా ఉంటే 30 అడుగులు కావాలి. జోన్ రెండులో గడ్డి నాలుగు అంగుళాలకు మించకూడదు. వాలులో గడ్డిని వేళ్లతో సహా పెకలించకండి. శీతాకాలపు వానలకు మట్టి జారుతుంది. కోసి వేళ్లు ఉంచేయండి.

గడ్డి కోసేది ఉదయం పది లోపే, గాలి లేని రోజునే. ఎండవేళ మోవర్ బ్లేడు రాయికి తగిలి రాలిన నిప్పుతో మొదలైన మంటలు ఎన్నో ఉన్నాయి. వంద అడుగుల లెక్క మీ స్థలం హద్దు దాకానే. వెనక స్థలం నగరానిదో, హెచ్‌ఓఏదో (కాలనీ ఇంటి యజమానుల సంఘానిదో) అయితే ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా అడగండి, జులైలో అడిగితే ఆ ఏడాది పని కాదు.

స్ప్రింక్లర్లు కప్పు మీద బిగించుకోవడం, గోడలకు జెల్ పూయడం గురించి చాలా ప్రకటనలు కనిపిస్తాయి. పెనుగాలి రోజున విద్యుత్ కంపెనీయే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేయొచ్చు, నీటి ఒత్తిడి పడిపోవచ్చు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లోని పాలిసేడ్స్‌లో కొన్ని ఫైర్ హైడ్రంట్లలోనే నీళ్లు రాలేదు. పైవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే అప్పుడు ఆలోచించండి.

ఇన్సూరెన్స్ కోసం ఫొటోలు

ప్రతి పనికీ ముందు, తర్వాత తేదీ ఉన్న ఫొటోలు, బిల్లులు దాచండి. సేఫర్ ఫ్రమ్ వైల్డ్‌ఫైర్స్ అనే జాబితాలో ఉన్న పనులు చేసినవారికి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని కాలిఫోర్నియా బీమా శాఖ 2022లో కంపెనీలకు నిబంధన పెట్టింది. మొదటి ఐదడుగులు, వెంట్లు, ‘క్లాస్ A’ కప్పు అన్నీ అందులో ఉన్నాయి. తగ్గింపు అడిగితేనే ఇస్తారు. పాలసీ రెన్యూ చేయబోమని కంపెనీ నుంచి నోటీసు వస్తే అదే ఫొటోలతో పునఃపరిశీలన కోరండి. మీ జిప్ కోడ్‌లో గానీ పక్క జిప్ కోడ్‌లో గానీ కార్చిచ్చుకు గవర్నర్ అత్యవసర స్థితి ప్రకటించి ఉంటే, అగ్ని ప్రమాదం కారణంగా ఏడాది పాటు పాలసీ రద్దు చేయకూడదన్న రక్షణ కూడా ఉంది. ఎక్కడా దొరక్కపోతే చివరి దారి ఫెయిర్ ప్లాన్, కానీ దానిలో అగ్నికి తప్ప దొంగతనం, నీటి నష్టం లాంటివాటికి కవరేజీ ఉండదు, వాటికి మరో పాలసీ జోడించుకోవాలి.

రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ వచ్చిన రోజు

పెనుగాలి, పొడి వాతావరణం వల్ల మంటలు వేగంగా పాకే ప్రమాదం ఉన్నప్పుడు వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక ఇది. డయాబ్లో, సాంటా ఆనా గాలులు అక్టోబరు, నవంబరుల్లోనూ వీస్తాయి, దీపావళీ అప్పుడే వస్తుంది. వార్నింగ్ ఉన్న రోజున దీపాలు ఇంటి లోపలే పెట్టుకోండి, డెక్ మీద, ఫెన్స్ మీద బ్యాటరీ దీపాలే. కాకరపువ్వొత్తులు కూడా వద్దు. పాటియో కుర్చీల దిండ్లు, పట్టా, చీపుర్లు, గ్రిల్ ప్రొపేన్ సిలిండరు గోడ నుంచి దూరంగా తీయండి. చెత్త డబ్బాలు ఇంటికి ఐదడుగుల అవతల ఉంచి మూతలు మూయండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలు ఇంట్లో ఒంటరిగా ఉంటే ఈ విషయాలు వాళ్లకు ముందే నేర్పాలి. గ్యారేజీ మోటారు కింద వేలాడే ఎర్ర తాడును లాగితే తలుపు చేత్తో తెరుచుకుంటుంది, ఒకసారి వాళ్లచేతే చేయించండి. హెచ్చరికల్లో రెండు మాటలు గుర్తుపెట్టించండి. ఎవాక్యుయేషన్ వార్నింగ్ అంటే సిద్ధం కావాలి, పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇల్లయితే అప్పుడే బయల్దేరాలి. ఎవాక్యుయేషన్ ఆర్డర్ అంటే ఆ క్షణమే వెళ్లాలి. వాళ్ల ఇక్కడి ఫోన్ నంబరునూ కౌంటీ అలర్ట్‌లలో నమోదు చేయండి. కారు నడపలేరు కాబట్టి తీసుకెళ్లే ఇద్దరు పొరుగువారి పేర్లు ఫ్రిజ్ మీద అంటించండి. ఒక సంచిలో పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, వీసా కాగితాలు, ఐ-797లు, గ్రీన్ కార్డులు, ఇంటి పాలసీ, రెండు వారాల మందులు, కళ్లద్దాలు సిద్ధంగా ఉండాలి. నగలు బ్యాంకు లాకర్లో ఉంటే ఆ రోజు వెతుక్కునే పనుండదు.

బయల్దేరే ముందు సమయం ఉంటే ఇవి చేయండి, లేకపోతే వదిలేసి వెళ్లండి:

- కిటికీలు, తలుపులు అన్నీ మూయండి, తాళం వేయకండి. ఫైర్ సిబ్బంది లోపలికి రావాల్సి రావొచ్చు.
- పల్చటి పరదాలు తీసేసి, సోఫాలు, మంచాలు కిటికీల నుంచి గది మధ్యకు జరపండి.
- ఏసీ, ఫర్నేస్ ఆపండి. లోపలా బయటా లైట్లు వేసి ఉంచండి, పొగలో ఇల్లు కనపడాలి.
- గ్యాస్‌ను మీటర్ దగ్గర కట్టేయండి. తిరిగి తెరవాల్సింది గ్యాస్ కంపెనీ మనిషే, మీరు కాదు.
- నీటి గొట్టం కుళాయికి బిగించి ఉంచండి గానీ నీళ్లు వదిలి వెళ్లకండి. అందరూ వదిలితే ఫైరింజన్లకు ఒత్తిడి ఉండదు.

తిరిగి రావొచ్చని అధికారులు చెప్పాకే రండి. రాగానే ముందు ఆటిక్, డెక్ కింద, గట్టర్లు, కంచె మొదళ్లు చూడండి. లోపల దాక్కున్న రవ్వ గంటల తర్వాత కూడా అంటుకుంటుంది కాబట్టి మొదటి రోజంతా రెండు మూడు గంటలకోసారి చూస్తూ, ఆ తర్వాత కొన్ని రోజులు ఉదయం సాయంత్రం వాసన పడుతూ ఉండండి. బూడిదను బ్లోయర్‌తో ఊదొద్దు, మామూలు వాక్యూమ్‌తో పీల్చొద్దు. ఎన్95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, కొంచెం నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తీయండి. ఏసీ ఫిల్టరు మార్చాకే ఏసీ వేయండి.